‘మా పెద్దాడు’ అంటే నేనే

మా నాన్న ఫోన్లో ఎవరితోనైనా “మా పెద్దాడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ అండి” అన్నారంటే, ఆ పెద్దాడు నేనే. మేం ఇద్దరం ఆడపిల్లలం. చెల్లి చిన్నాడు. పాలకొల్లులో మా వీధి మొత్తానికి ఈ సంగతి తెలుసు కాబట్టి ఎవరూ కంగారుపడరు. కొత్తవాళ్లే ఇంటికొచ్చి, నేనిచ్చిన కాఫీ తాగి, “మరి మీ అబ్బాయేడండి?” అని అడుగుతారు.

మొన్న పండక్కి వెళ్లినప్పుడు చెల్లీ నేనూ కూర్చుని ‘ములాన్’ చూశాం. డిస్నీ వాళ్లు 1998లో తీసిన కార్టూన్ కాదు, 2020లో మనుషులతో తీసింది. కార్టూన్‌లో ఉన్న బుల్లి డ్రాగన్ ముషూ ఇందులో లేదు. పాటలూ లేవు. చెల్లికి అక్కడే సగం మూడ్ పోయింది. నాకు మాత్రం కథ కొత్తగా అనిపించలేదు. ముసలి తండ్రి యుద్ధానికి వెళ్లాలి, ఇంట్లో కొడుకు లేడు, కూతురే మగవేషం వేసుకుని బయల్దేరుతుంది. మా ఇంట్లో అయితే నాన్నే “పెద్దాడా, నువ్వెళ్లు” అనేవారు, అంతే తేడా.

ఈ కథ మీద చైనావాళ్లకి మోజు ఇప్పటిది కాదు. 1939లోనే షాంఘైలో సినిమా తీశారు. 1964లో హాంకాంగ్ షా బ్రదర్స్ వాళ్లు పాటలతో తీశారు. 2009లో ఝావో వే హీరోయిన్‌గా ఇంకోటి వచ్చింది. అది చూడకపోతే చూడండి, అందులో మంచు, రక్తం, నిద్రపట్టని రాత్రులు తప్ప మాయలేం ఉండవు. అన్నిటికీ మూలం దాదాపు పదిహేను వందల ఏళ్ల నాటి ఒక చిన్న గేయకథ. అందులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. ములాన్‌ని ఎవరూ పట్టుకోరు. 12 ఏళ్లు సైన్యంలో ఉండి, చక్రవర్తి ఇస్తానన్న పదవి వద్దని ఇంటికెళ్లి, తన పాత బట్టలు తనే కట్టుకుని బయటికొస్తుంది. పక్కన నిలబడి పోరాడినవాళ్లు నోరెళ్లబెడతారు. అక్కడితో కథ సరి. గుట్టు బయటపడటం, సైన్యం గెంటేయడం, ఆ గొడవంతా సినిమావాళ్లకే కావాలి. ఇంటర్వెల్ బ్యాంగ్ లేకపోతే ఎలా మరి!

అది వాళ్ల తప్పని కూడా అనలేను. బీటెక్‌లో ఉండగా పబ్జీలో నాకు మగపేరుతో ఐడీ ఉండేది. మొదట నా పేరే పెట్టుకున్నాను. మైక్ ఆన్ చేసిన రెండో నిమిషానికి “హాయ్ డియర్”, ఐదో నిమిషానికి ఇక్కడ రాయలేనివి. పేరు మార్చి, మైక్ ఆపేశాక నెలల తరబడి హాయిగా ఆడాను. ఒక రోజు పొరపాటున మైక్ ఆన్‌లో ఉండిపోయింది, వెనకాల అమ్మ “ఏమే, అన్నానికి రావా?” అని అరిచింది. స్క్వాడ్ మొత్తం ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత ఒకడు, “నువ్వు అమ్మాయివా? మరి ఇంత బాగా ఎలా ఆడుతున్నావ్?” అన్నాడు. పొగడ్త అనుకునే అన్నాడు పాపం. ఆ రాత్రే ఆ ఐడీ డిలీట్ చేశాను.

మనకీ ఒక ములాన్ ఉందని నేను వేరే చెప్పక్కర్లేదు. గుణశేఖర్ ‘రుద్రమదేవి’ 2015 అక్టోబర్ 9న వచ్చింది. పాలకొల్లు థియేటర్లో నాన్న పక్కన కూర్చుని చూశాను. హాలులో సగంమంది అనుష్క కోసం వచ్చినవాళ్లు కాదు, గోన గన్నారెడ్డిగా వేసిన అల్లు అర్జున్ కోసం వచ్చినవాళ్లు. అల్లు రామలింగయ్యగారిది పాలకొల్లే కదా, మనవడు తెర మీద కనపడితే మావాళ్లు ఊరుకుంటారా! ఆ ఈలల్లో రుద్రమ మాటలు చాలా వినపడలేదు. ఆడదాని కథ పెట్టుకుని, హాలు నింపడానికి హీరోని కూడా తెచ్చుకోవాల్సి వచ్చింది. గన్నారెడ్డి బాగున్నాడు, కాదనను. కానీ ఇంటికొస్తూ దారంతా అందరూ మాట్లాడుకుంది అతని గురించే.

సినిమాలో రుద్రమ ఆడపిల్లన్న సంగతి దేశానికి పెద్ద రహస్యం. తర్వాత చరిత్ర చదివితే నాకు వేరే కథ కనిపించింది. గణపతిదేవుడికి కొడుకులు లేరు. కూతుర్నే వారసురాలిగా నిలబెట్టాడు, మగపేరు పెట్టాడు. శాసనాల్లో ఆమె ‘రుద్రదేవ మహారాజు’. అంటే దాచిందేం లేదు, అందరికీ తెలిసే ‘మహారాజు’ అన్నారు. ఆడదని తెలియడం వల్ల కొంపలేం మునగలేదు. ఆ కుర్చీలో కూర్చోవాలంటే పేరు మాత్రం మగవాడిదై ఉండాలి. మార్కోపోలో అయితే ఇంకా విచిత్రం. ఈ దేశాన్ని ఏలుతున్న రాణిని తెగ మెచ్చుకుంటూనే, చనిపోయిన రాజుగారి భార్య అని రాసుకున్నాడు. నిజానికి ఆమెకి రాజ్యం వచ్చింది భర్త నుంచి కాదు, తండ్రి నుంచి. ఆ భర్త మావైపువాడే, నిడదవోలు చాళుక్య వీరభద్రుడు. మా నర్సాపురం రైలు భీమవరం మీదుగా ఆ నిడదవోలు చేరేటప్పుడల్లా, పాపం ఆయన్ని పెళ్లిచూపుల్లో ‘అబ్బాయేడండి’ అని అడిగారా లేదా అని నవ్వొస్తుంది.

నల్గొండ జిల్లా చందుపట్లలో 1289 నవంబర్ నాటి శాసనం ఒకటుంది. రుద్రమకీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని చేసిన దానం గురించి. అంబదేవుడితో యుద్ధంలోనే ఇద్దరూ పోయి ఉంటారని చరిత్రకారులు అంటారు. అప్పటికి ఆమె పెద్దావిడ. మనవడు ప్రతాపరుద్రుడు రాజ్యానికి వచ్చేంత వయసువాడు. నెరిసిన జుట్టుతో గుర్రం ఎక్కిన ఆ రుద్రమని ఎవరైనా తీస్తే, గెస్ట్ హీరో లేకపోయినా ఫస్ట్ డే ఫస్ట్ షోకి నేను రెడీ.

ఇదంతా పండగ రోజు సాయంత్రం నాన్నకి చెప్పాను. ఆయన అరుగు మీద కూర్చుని కొబ్బరికాయల లెక్క రాసుకుంటున్నారు. ఇంటి లోను ఈఎంఐ నా జీతంలోంచే కడతాను కాబట్టి ఆయన నా మాట కాస్త శ్రద్ధగానే వింటారు. అంతా విని, “నువ్వు నాకు కొడుకువేనమ్మా. రేపు నాకు తలకొరివి పెట్టాల్సింది కూడా నువ్వే” అన్నారు. ఇలాంటి మాట వస్తే ఎప్పుడూ కళ్లల్లో నీళ్లు తిరిగేవి. ఈసారి తిరగలేదు.

“పెడతాను నాన్నా. కూతురుగానే పెడతాను. కొడుకునైతేనే పెట్టాలా?”

నాన్న పెన్ను మూత పెట్టి, నా వంక చాలాసేపు చూశారు. కోపం వచ్చిందేమో అనుకున్నాను. ఆఖరికి, “సరే అమ్మాయ్, అది పెడుదువుగానిలే. ముందు కాఫీ పెట్టు” అన్నారు.

ఊహ తెలిశాక ఆయన నన్ను ‘అమ్మాయ్’ అనడం నాకు తెలిసి అదే మొదటిసారి.