అక్కడి పొద్దు, అక్కడి లగ్నం

కిందటేడు వైశాఖంలో మా అక్క కూతురు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఇల్లు కొనుక్కుంది. గృహప్రవేశానికి ముహూర్తం మాత్రం ఇక్కడే, ఖమ్మం జిల్లాలోని మా తిరుమలాయపాలెంలోనే పెట్టించారు. అక్క అయ్యగారి దగ్గరికి వెళ్లి, ఆలుమగల నక్షత్రాలు చెప్పి రాయించుకొచ్చింది. వైశాఖ శుద్ధ ఏకాదశి, ఉత్తరా నక్షత్రం, మీన లగ్నం, బుధవారం రాత్రి తెల్లవారితే గురువారం 3 గంటల 42 నిమిషాలకు. నాలుగు మూలలా పసుపు పెట్టిన ఆ కాగితాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపింది.

మర్నాడు పొద్దున్నే పిల్ల నాకు ఫోన్ చేసింది. "పిన్నీ, అమ్మ పంపింది మీ టైమా, మా టైమా? మీ టైమైతే మాకు బుధవారం సాయంత్రం 5:12 అవుతుంది. ఈయనేమో ఇక్కడి గడియారంలోనే తెల్లవారుజామున 3:42కి పాలు పొంగిద్దాం అంటున్నారు. ఏది సరైంది?"

రెండూ కాదు.

లగ్నమంటే ఆ క్షణాన తూర్పు దిక్కున ఉదయిస్తున్న రాశి. ఎవరి తూర్పు? మనం నిలబడ్డ చోటి తూర్పు. ఖమ్మం జిల్లాలో తెల్లవారుజామున మీనం ఉదయిస్తున్నప్పుడు డాలస్‌లో పొద్దు పడమటికి వాలుతూ ఉంటుంది. అప్పుడు అక్కడ తూర్పున లేచేది కన్య, అంటే మీనానికి సరిగ్గా ఎదుటి రాశి. పదిన్నర గంటలు తీసేసి సాయంత్రం 5:12కి గడప దాటితే, అయ్యగారు ఏరికోరి పెట్టిన లగ్నానికి ఏడో లగ్నంలో దాటినట్టు. పోనీ అల్లుడు అన్నట్టు అక్కడి గడియారంలో 3:42కే చేస్తే, అప్పటికింకా కుంభం నడుస్తూ ఉంటుంది. ఆ రోజు మీనం అక్కడ నాలుగు దాటాక వచ్చి అయిదున్నర లోపే వెళ్లిపోతుంది.

ఈ మాట అంటే అక్క బాధపడింది. "మన అయ్యగారు పెట్టిన ముహూర్తం తప్పంటావా?" అంది. తప్పు కాదు, తిరుమలాయపాలెంలో గృహప్రవేశానికి అది చక్కటి ముహూర్తం. కానీ ఇల్లు ఉన్నది తిరుమలాయపాలెంలో కాదు. అయ్యగారిని మళ్లీ అడిగితే ఆయనా అదే అన్నారు. "అమ్మా, పిల్లలు ఎక్కడ ఉన్నదీ మీరు చెప్పలేదు. నేను ఇక్కడి లగ్నం కట్టాను. అక్కడి లగ్నం అక్కడి పురోహితుడు కట్టాలి." చివరికి అక్కడి గుడి అయ్యగారు చూసి చెప్పిన వేళకు, తెల్లవారుజామున నాలుగున్నరకు, మీనంలోనే పాలు పొంగించారు.

మా అక్కలాంటి అమ్మలు ఊరూరా ఉన్నారు. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటారు, పంచాంగం మాత్రం ఇక్కడ అమ్మ చేతిలో ఉంటుంది. రాహుకాలం, వర్జ్యం, దుర్ముహూర్తం అన్నీ ఇక్కడినుంచే ఫోన్లో వెళ్తాయి. ఆ ప్రేమను నేను తప్పుపట్టను. అయితే ఆ పంపే వేళలు చాలావరకు అక్కడికి పనికిరావు. పంచాంగాన్ని నమ్మేవాళ్లమే దాని లెక్కను పట్టించుకోకపోవడం నాకు కష్టంగా ఉంది.

పంచాంగంలో రెండు రకాల కాలాలున్నాయి. తిథి, నక్షత్రం, యోగం, కరణం ఆకాశానివి. చంద్రుడు సూర్యుడికి పన్నెండు డిగ్రీలు దూరం జరిగితే ఒక తిథి. అది ప్రపంచమంతటా ఒకే క్షణంలో మారుతుంది. నక్షత్రాన్ని బట్టి వచ్చే వర్జ్యమూ అంతే. గంటల తేడా చూసుకుని వీటిని మార్చుకోవచ్చు. రాహుకాలం, యమగండం, దుర్ముహూర్తం అలా కాదు, అవి ఊరివి. ఆ ఊళ్లో పొద్దు పొడిచింది మొదలు కుంకేదాకా ఉన్న పగటిని ఎనిమిది భాగాలు చేస్తే, సోమవారం రెండో భాగం రాహుకాలం. మనం చిన్నప్పటి నుంచి కంఠతా పట్టిన "సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది" అన్నది ఆరింటికి తెల్లవారి ఆరింటికి పొద్దుగూకే రోజు లెక్క. లండన్‌లో జూన్ నెలాఖరున పగలు పదహారున్నర గంటలు. అక్కడ సోమవారం రాహుకాలం ఏడు కాకముందే మొదలై రెండు గంటలకు పైగా నడుస్తుంది. డిసెంబరులో గంట కూడా ఉండదు. ఇక్కడి ఏడున్నర అక్కడ దేనికి పనికొస్తుంది?

అంత దూరం ఎందుకు, మన గడియారమే మన ఊరిది కాదు. దేశమంతటికీ ఒకటే గంట కోసం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని పట్టుకున్నాం. ఖమ్మం దానికి పడమరగా ఉంది కాబట్టి మన పొద్దు సగటున తొమ్మిది నిమిషాలు వెనక నడుస్తుంది. భద్రాచలంలో ఆరున్నర నిమిషాలు. సీతారాముల కల్యాణం జరిగే అభిజిత్తు, అంటే మిట్టమధ్యాహ్నపు ముహూర్తం, గడియారంలో పన్నెండు కొట్టడాన్ని బట్టి కాదు, నడినెత్తికి వచ్చిన సూర్యుణ్ని బట్టి. 2025లో శ్రీరామనవమి ఏప్రిల్ 6, ఆదివారం. ఆ రోజు భద్రాచలంలో సూర్యుడు నడినెత్తికి వచ్చింది 12 గంటల 9 నిమిషాలకు.

ఆ ఘడియకు డాలస్‌లో అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నర. మా పిల్ల అలారం పెట్టుకుని లేచి టీవీలో కల్యాణం చూసింది. చూడటం మంచిదే, ఆ పుణ్యం ఎక్కడికీ పోదు. కానీ తన ఇంట్లో పానకం, వడపప్పు పెట్టి పూజ చేసుకోవాలంటే? నవమి డాలస్‌లో శనివారం ఉదయం తొమ్మిది లోపే వచ్చి ఆదివారం ఉదయం తొమ్మిది లోపే వెళ్లిపోయింది. రాముడు పుట్టింది మధ్యాహ్నం కాబట్టి మధ్యాహ్నానికి నవమి ఉన్న రోజే పండగ. అంటే డాలస్‌లో శ్రీరామనవమి శనివారమే. అభిజిత్తు కూడా పన్నెండుకు కాదు. అక్కడ వసంతంలోనే గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు, పైగా డాలస్ తన కాలమండలంలో పడమటి వైపున ఉంది. దాంతో సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంటన్నర అవుతుంది. ఇక్కడి తేదీ చూసుకుని ఆదివారం పన్నెండింటికి అక్కడ పూజ మొదలుపెట్టినవాళ్లు దశమి నాడు చేసుకున్నట్టే.

ఈ పరాభవ ఉగాదినే చూడండి. దృక్ గణితం ప్రకారం మార్చి 19న ఇక్కడ ఆరుంబావుకు తెల్లవారింది. అప్పటికి ఇంకా అమావాస్యే. 6 గంటల 53 నిమిషాలకు పాడ్యమి వచ్చి, మర్నాడు తెల్లవారకముందే వెళ్లిపోయింది. ఒక్క సూర్యోదయమూ చూడని క్షయ తిథి. అదే పాడ్యమి డాలస్‌లో 18వ తేదీ రాత్రి ఎనిమిది దాటాక మొదలై మర్నాటి సూర్యోదయాన నిండుగా ఉంది. ఒకే తిథి ఇక్కడ క్షయం, అక్కడ ఉదయ తిథి. ఉగాది రెండు చోట్లా 19నే వచ్చింది గనుక ఈసారి ఎవరూ గమనించలేదు. తద్దినం విషయంలో ఇలా జరిగితే గమనించాలి. తండ్రి పోయిన తిథి కొడుకు ఉన్న ఊళ్లో అపరాహ్నానికి ఉన్న రోజే ఆ కొడుక్కి ఆబ్దికం. అది ఒక్కోసారి ఇక్కడి తేదీకి ఒక రోజు ముందే పడుతుంది. పిండం పెట్టే తేదీని "ఇండియాలో ఎప్పుడు?" అని అడిగి తేల్చుకోవడం సరికాదు.

గ్రహణాల సంగతి మరీ స్పష్టం. 2024 ఏప్రిల్ 8న సంపూర్ణ సూర్యగ్రహణం సరిగ్గా డాలస్ మీదుగా పోయింది. మధ్యాహ్నం పూట నగరమంతా చీకటి పడింది. అది మన దేశంలో కనపడలేదు కాబట్టి ఇక్కడ పట్టింపు లేదు. "మన పంచాంగంలో లేదు, మీరేం పాటించక్కర్లేదు" అని ఇక్కడినుంచి ఫోన్లు వెళ్లాయి. 2025 సెప్టెంబరు 7 రాత్రి చంద్రగ్రహణం దీనికి తలకిందులు. మనకు పూర్తిగా కనపడింది, డాలస్‌లో అసలు లేదు. అయినా గర్భిణులకు జాగ్రత్తలు ఇక్కడినుంచి వెళ్లాయి. కనపడిన చోటే గ్రహణ నియమం అన్నది శాస్త్రమే చెప్పిన మాట.

ఇదంతా కొత్తగా పుట్టిన చిక్కు కాదు. మన సిద్ధాంత గ్రంథాలు లంక నుంచి ఉజ్జయిని మీదుగా పోయే రేఖను మొదలుగా పెట్టుకుని, దానికి తూర్పు పడమరలుగా ఉన్న ఊళ్లకు దేశాంతర సంస్కారం చెయ్యమన్నాయి. ఉత్తర దక్షిణాల తేడాకు చర సంస్కారం చెప్పాయి. సంకల్పంలోనూ ముందు దేశం, తర్వాతే కాలం. ఏ ద్వీపంలో, ఏ ఖండంలో, ఏ నది పక్కన కూర్చున్నామో చెప్పాకే సంవత్సరం, మాసం, తిథి చెబుతాం. అమెరికాలో చాలామంది అర్చకులు జంబూద్వీపం అనకుండా క్రౌంచద్వీపం అని చెప్పుకుంటున్నారు. ద్వీపం మార్చి చెప్పుకున్న మనిషి లగ్నం మాత్రం తిరుమలాయపాలెంది వాడుకుంటే ఆ సంకల్పానికి అర్థమేముంది?

కాలం చోటును బట్టి ఉంటుందని మా రైతులకు ఎవరూ నేర్పనక్కర్లేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత ఈ నేల ఎండను చూసి పుట్టింది. రోహిణి ఎండ, మృగశిర చినుకు ఇక్కడివి. సిడ్నీలో అప్పుడు చలికాలం మొదలవుతుంది. ఉగాదినాడు వసంత ఋతువని చదివే వేళకు అక్కడ ఆకులు రాలుతుంటాయి.

పంచాంగకర్తలకు ఒక విన్నపం. ఏ ఊరి సూర్యోదయానికి కట్టారో ఆ ఊరి పేరు మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో వేయండి. మన పిల్లలు ఎక్కువగా ఉన్న డాలస్, న్యూజెర్సీ, లండన్, సిడ్నీలకు పండగల తేదీలు విడిగా ఇవ్వండి. ముహూర్తం అడగడానికి వచ్చినవాళ్లను నక్షత్రంతో పాటు "ఇల్లు ఏ ఊళ్లో?" అని కూడా అడగమని పురోహితులను కోరుతున్నాను.

ఇక అమ్మలకు, అక్కలకు. భద్రాద్రి తలంబ్రాలను ఆర్టీసీ ఇంటికే తెచ్చి ఇస్తోంది. వాటిని విదేశంలో ఉన్న పిల్లలకు పంపండి, మీ ఆశీర్వాదం పంపండి. ముహూర్తం మాత్రం అక్కడి గుడిలో అయ్యగారిని అడగమని చెప్పండి. ఈసారి ఫోన్ చేసినప్పుడు మీ పంచాంగంలో గంటలు చదవకండి. మీ ఊళ్లో రేపు ఎన్నింటికి తెల్లవారుతుంది అని అడగండి.