గుండె కబురు చెప్పే కాగితం

డయాలసిస్ చేయించుకునేవాళ్లున్న ఇంట్లో అందరి ధ్యాసా కిడ్నీల మీదే ఉంటుంది. క్రియాటినిన్ ఎంతొచ్చింది, బరువెంత పెరిగింది, ఒంట్లో నీరెంత తీశారు... ఇవే మాటలు. గుండె ఊసు ఎవరూ ఎత్తరు. నిజానికి డయాలసిస్ మీద ఉన్నవాళ్ల ప్రాణాలు ఎక్కువగా తీస్తున్నది గుండెజబ్బే. అది ముందుగా పంపే కబుర్లు కొన్ని రక్తపరీక్షల కాగితంలోనే ఉంటాయి. ఆ కాగితాన్ని మడిచి ఫైల్లో పెట్టేసే ఇల్లాళ్లతోనే ఈవారం నా మాట.

మా ఉయ్యూరు వైపు నుంచి విజయవాడకో, బందరుకో వారానికి రెండు మూడుసార్లు వెళ్లొచ్చే కుటుంబాలకు ఊపిరి తీసుకునే తీరికే ఉండదు. ఇక అంకెలెక్కడ చదువుతారు అంటారా? నాలుగైదు అంకెలే. చూడండి.

మొదటిది ఆల్బుమిన్. అది 3.5 కంటే దిగజారితే తేలిగ్గా తీసుకోకూడదు. డయాలసిస్‌కు ముందు "పప్పు, మాంసం తగ్గించండి" అని డాక్టరుగారు చెప్పిన మాటనే చాలామంది ఆ తర్వాతా పట్టుకుని ఉంటారు. కానీ డయాలసిస్ మొదలయ్యాక లెక్క మారుతుంది. కిలో బరువుకు రోజుకు ఒక గ్రాము, ఆపైన కొంచెం మాంసకృత్తులు కావాలి. గుడ్డులో తెల్లసొన ఇందుకు బాగా పనికొస్తుంది.

రెండోది ఫాస్ఫరస్. నీళ్లు కాచే గిన్నెకు తెల్లటి పొర కట్టినట్టు, ఇది పెరిగితే రక్తనాళాల గోడల్లో కాల్షియం పేరుకుని గట్టిపడిపోతాయి. డయాలసిస్ దీన్ని పూర్తిగా తీసెయ్యలేదు. అందుకే డాక్టరు రాసిన ఫాస్ఫరస్ మాత్ర అన్నంతోపాటే వేసుకోవాలి. తిన్న రెండు గంటలకు గుర్తొచ్చి వేసుకుంటే ఏం లాభం?

మూడోది సి.ఆర్.పి. ఒంట్లో ఎక్కడో వాపు రగులుతోందని ఇది చెబుతుంది. మెడలో పెట్టిన గొట్టం దగ్గర చీము కావచ్చు, చిగుళ్ల జబ్బూ కావచ్చు.

ఇక ట్రోపోనిన్. గుండెపోటు వచ్చిందో లేదో తేల్చే పరీక్ష ఇది. కిడ్నీ రోగుల్లో గుండెపోటు లేకపోయినా కాస్త ఎక్కువగానే ఉండొచ్చు. అలాగని కొట్టిపారేయకూడదు. ఎప్పుడూ ఎక్కువగా ఉండేవాళ్లకు ముందుముందు ముప్పు ఎక్కువని తేలాకే, 2004లో అమెరికా ఎఫ్.డి.ఎ. డయాలసిస్ రోగుల ప్రాణాపాయం అంచనాకు ట్రోపోనిన్ టి పరీక్షను అనుమతించింది. గుండెనొప్పి వచ్చినప్పుడు మాత్రం పాత అంకె ఎంతో, ఇప్పుడెంతో పోల్చి చూడాలి. పాత కాగితం దాచడం అందుకే.

కొలెస్ట్రాల్ తక్కువుందని మురిసిపోకండి. డయాలసిస్ వాళ్లలో అది తిండి చాలక చిక్కిపోవడానికి గుర్తు కావచ్చు. 2005లో వెలువడిన జర్మనీ పరిశోధనలో 1,255 మంది డయాలసిస్ మధుమేహ రోగులను పరిశీలించారు. మాత్రతో కొలెస్ట్రాల్ బాగా తగ్గినా గుండె ముప్పు చెప్పుకోదగినంత తగ్గలేదు. అలాగని వాడుతున్న మాత్రలు సొంతంగా మానేయకండి. డాక్టర్ని అడగండి.

జబ్బు మగవాడికైతే ఫైలు మోసేది, పథ్యం వండేది మనమే. అదే మనకొస్తే? "ఈ నెల పరీక్ష వచ్చే నెల చేయించుకుందాంలే" అంటాం. మన గుడ్డు కూడా పిల్లల పళ్లెంలోకే పోతుంది. ఇదెక్కడి న్యాయం, చెప్పండి?

డయాలసిస్ కేంద్రాలవారికి నాదొక విన్నపం. ప్రతి రోగి చేతికీ తెలుగులో ఒక చిన్న పుస్తకం ఇవ్వండి. నెలనెలా ఈ అంకెలు రాసి, పెరిగిందో తగ్గిందో ఒక్క మాట చెప్పండి. పిల్లల టీకాల కార్డు, డ్వాక్రా పొదుపు పుస్తకం వరస తప్పకుండా చూసుకునే ఆడవాళ్లకు ఇది భారమేమీ కాదు.

ఆ పుస్తకం వచ్చేదాకా ఆగక్కర్లేదు. పిల్లల పాత నోటుపుస్తకంలో నాలుగు గీతలు గీసి ఈ నెల నుంచే రాయడం మొదలుపెట్టండి. ఈసారి డాక్టరుగారి ముందు కూర్చున్నప్పుడు క్రియాటినిన్‌తోపాటు "గుండె ఎలా ఉందండీ?" అని కూడా అడగండి. చేతులు కాలాక ఆకులు వెతుక్కునే కంటే అది మేలు కదూ!