స్టవ్ పేలిందని చెప్పమ్మా



గత ఆదివారము ఆరాధన ముగిసి అందరూ వెళ్ళిపోయాక, సైనిక్‌పురిలోనే కాపురముంటున్న ఒక తల్లి చివరి బెంచీ మీద అలాగే కూర్చుండిపోయారు. ఆమె కుమార్తె కాలిన గాయములతో చనిపోయి ఏడాది దాటింది. అల్లుడి మీద కేసు నడుస్తున్నది.

"అయ్యగారూ, మేజిస్ట్రేటు గారితో స్టవ్ పేలిందని చెప్పింది. మరునాడు తెల్లవారుజామున నా చెయ్యి పట్టుకొని, ఆయనే పోశాడమ్మా అన్నది. నాతో అన్న మాట కోర్టులో చెల్లదంటున్నారు. నిజమేనా?"

మేము న్యాయవాదులము కాము. బైబిలు కళాశాలలో మాకు సాక్ష్య చట్టము ఎవరూ చెప్పలేదు. అయినా ఆ తల్లిని ఉత్త ప్రార్థనతో పంపివేయడానికి మనసొప్పలేదు. ఎరిగిన న్యాయవాది ఒకరి దగ్గర కూర్చుని, తీర్పులు కొన్ని చదివించుకొని వచ్చాము.

చెల్లదనుట సరికాదు. చనిపోయిన మనిషి తన చావుకు కారణమును గూర్చి చెప్పిన మాట సాక్ష్యమే. 1872 నాటి చట్టములో అది 32వ సెక్షను. 2024 జూలై 1 నుండి అమలైన కొత్త చట్టములో 26వది. ఫలానా వారితోనే చెప్పాలన్న షరతు లేదు. 1937లో పిఠాపురము నుండి ఒక బంట్రోతు బరంపురము బయలుదేరాడు. తనను ఎవరు రమ్మన్నారో, ఎందుకు వెళ్తున్నాడో భార్యతో చెప్పాడు. రెండు రోజులకు పూరీలో, రైలు పెట్టెలో, ఒక ట్రంకులో అతని శవము దొరికింది. అదే పాకాల నారాయణస్వామి కేసు. భార్య విన్న ఆ మాటను సాక్ష్యముగా తీసుకోవచ్చునని 1939లో లండనులోని ప్రీవీ కౌన్సిలు తేల్చింది. అప్పటికి అతనికి చావు ఊహే లేదు. ఇంగ్లండు పాత పద్ధతిలోనైతే బ్రతుకు మీద ఆశ వదులుకున్నవాని మాటకే ఆ విలువ ఉండేది. మన చట్టములో ఆ నిబంధన లేదు.

అయితే తీసుకొనుట వేరు, నమ్ముట వేరు. చనిపోయిన వారిని ఎదురు ప్రశ్న అడగలేము గదా! అందుకే మేజిస్ట్రేటు తానెవరో చెప్పి, తెలివి ఉన్నదో లేదో చిన్న చిన్న ప్రశ్నలతో చూచి, చెప్పిన మాటలలోనే వ్రాసి, చదివి వినిపించాలని మన క్రిమినల్ రూల్స్ చెబుతున్నవి. డాక్టరు సర్టిఫికెట్టు సంగతిలో పెద్ద చిక్కే వచ్చింది. 1999లో ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్ళిన ఒక కేసులో, రోగి స్పృహలో ఉన్నదని డాక్టరు వ్రాశాడే గాని మానసికముగా సరిగా ఉన్నదని వ్రాయలేదని సుప్రీంకోర్టు ఆ వాంగ్మూలమును నమ్మలేదు. 2002లో లక్ష్మణ్ కేసులో అయిదుగురు న్యాయమూర్తులు ఆ మాట సవరించి, మేజిస్ట్రేటు స్వయముగా చూచి తృప్తి చెందితే చాలునన్నారు.

వాంగ్మూలములు రెండై, ఒకదానికొకటి పొసగకపోతే? ఏది ఎప్పుడు, ఎవరి ఎదుట, ఎవరి ఒత్తిడిలో వచ్చిందో చూస్తారు. అనుమానము మిగిలితే ముద్దాయికే మేలు. అది న్యాయమే. తప్పు పేరు చెప్పించిన వాళ్ళు కూడా ఉంటారు.

అబద్ధము నోట పెట్టుకొని ఎవరూ సృష్టికర్త ఎదుటికి పోరన్నది ఈ చట్టము వెనుకనున్న పాత నమ్మకము. మేము చాలా మంచముల ప్రక్కన కూర్చున్నాము. పోతారు. పగతో కాదు, పిల్లల కోసము పోతారు.

ఇక్కడ మా సంగతి ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రిందట ఒక ప్రభుత్వ ఆసుపత్రి కాలిన గాయముల వార్డుకు వేరొక సహోదరిని చూడబోయాము. ఆమె బావగారు మమ్మును వరండాలోకి పిలిచి, "అయ్యగారూ, మీరు చెబితే వింటుంది. స్టవ్ పేలిందని చెప్పమనండి. వాడు జైలుకు పోతే పిల్లలిద్దరూ ఏమైపోతారు?" అన్నారు. అబద్ధమాడమని మేము చెప్పలేదు. కాని లోపలికి వెళ్ళి క్షమాపణను గూర్చి మాట్లాడి ప్రార్థించాము. సరిగ్గా ఆ పూటే! ఆమె మా ముఖము వంక చాలాసేపు చూచింది. సాయంత్రము మేజిస్ట్రేటు వస్తే స్టవ్ అనే చెప్పింది. మా మాట వలన చెప్పిందో లేదో దేవునికే ఎరుక. క్షమించి కూడా జరిగినది జరిగినట్టు చెప్పవచ్చునమ్మా అన్న ఒక్క ముక్క ఆనాడు మా నోట రాలేదు.

మంగళవారము ఆ తల్లి ఇంటికి వెళ్ళాము. తెల్లవారుజామున విన్న మాట పోలీసులకు అప్పుడే చెప్పారా అని అడిగాము. ఆలస్యమైన కొద్దీ కోర్టుకు అనుమానము పెరుగుతుంది. చెప్పారట, వ్రాసుకున్నారో లేదో తెలియదట. ఆ సమయములో దగ్గర ఇంకెవరున్నారమ్మా అన్నాము. చాలాసేపు ఆలోచించి, దుప్పటి మార్చడానికి వచ్చిన ఆయా ఉన్నదన్నారు. పేరు తెలియదు.

వచ్చే సోమవారము ఆమెను వెంటబెట్టుకొని ముందు ఆసుపత్రికి, అటునుండి పబ్లిక్ ప్రాసిక్యూటరు గారి దగ్గరకు వెళ్తున్నాము.