తోటివారి పరీక్ష: దాని మేలు, దాని మేర

ఒక స్థానిక సంఘము చక్కగా నడచుచున్నదో లేదో తేల్చవలసినవారెవరు? పైనుండి వచ్చు తనిఖీ అధికారులా, లేక అదే బరువును మోయుచున్న పొరుగు సంఘమువారా? ఇంగ్లండు దేశమువారు ఈ రెండు మార్గములను నడచి చూచినారు. ఆ అనుభవము మన పాఠకులు తెలిసికొనదగినది. హోసూరులో గాని, బళ్లారిలో గాని, బరంపురములో గాని, షోలాపురములో గాని, యానాములో గాని పన్ను చెల్లించి కొళాయి నీటికై ఎదురుచూచు ప్రతి కుటుంబమునకును ఇది సొంత విషయమే.

ఇంగ్లండులో స్థానిక సంఘముల లెక్కలను చూచుటకు 1983లో ఆడిట్ కమిషన్ ఏర్పడినది. 2002 నుండి అది ఒక్కొక్క సంఘము పనితీరును తూచి, తరగతులుగా విభజించి ప్రకటింపసాగినది. లోపములు బయటపడినవి, కాని తనిఖీలకు కాగితములు సిద్ధపరచుటలోనే సిబ్బంది కాలము గడచిపోవుచున్నదని సంఘములు మొరపెట్టుకొన్నవి. 2010లో ప్రభుత్వము ఆ కమిషనును రద్దుచేయ నిశ్చయించినది. 2015 మార్చి మాసాంతమున అది మూతపడినది. ఈలోగా, 2011లో, సంఘములన్నిటికి ప్రతినిధియైన లోకల్ గవర్నమెంట్ అసోసియేషన్ తోటివారి పరీక్షా పద్ధతిని ముందుకు తెచ్చినది.

పద్ధతి సులభమైనది. సంఘము తానై పిలిచినప్పుడు, ఇతర సంఘముల నాయకుడొకరు, ముఖ్యాధికారియొకరు, మరికొందరు అనుభవజ్ఞులు వచ్చి మూడు నాలుగు దినములుందురు. సభ్యులతోను, సిబ్బందితోను, ఊరి సంస్థలవారితోను మాటలాడుదురు. తమకు తోచిన మంచిచెడ్డలను ముఖముననే చెప్పి, పిమ్మట నివేదిక వ్రాసి యిత్తురు.

ఇందులోని మేలు కాదనరానిది. బరువు మోసినవాడు చెప్పిన మాట చెవికెక్కును. చెప్పవచ్చినవాడు సైతము ఏదో యొకటి నేర్చుకొనియే తన ఊరికి మరలును. కార్డిఫ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ఈ పద్ధతిని మదింపు చేసినప్పుడు, సంఘముల నాయకులును అధికారులును దీనిని మెచ్చుకొన్నారు. అయితే పరీక్షింపబడినవారి మెప్పు వేరు, పౌరునకు కలిగిన మేలు వేరు. మొదటిదానిని చూచి రెండవది సిద్ధించినదని తలచుట పొరపాటు.

నార్తాంప్టన్‌షైర్ కౌంటీ సంఘము కథ దీనికి సాక్ష్యము. 2017 సెప్టెంబరులో తోటివారు వచ్చి, ఆ సంఘపు ఆర్థిక స్థితి ప్రమాదములో నున్నదని దాపరికము లేక చెప్పినారు. వారు చెప్పినది నిజమే. కాని చెప్పుటయే వారి పని. చేయించుట వారి చేతిలో లేదు. 2018 ఫిబ్రవరిలో, చట్టము విధించిన పనులకు తప్ప కొత్త వ్యయము కూడదని ఆ సంఘపు ఆర్థికాధికారి తాఖీదు జారీచేయవలసి వచ్చినది. గ్రంథాలయములు 21 మూసివేయ తలపెట్టగా, ఉన్నత న్యాయస్థానము ఆ నిర్ణయమును కొట్టివేసినది. తుదకు 2021 ఏప్రిలులో ఆ సంఘమే రద్దయి, దాని స్థానమున రెండు కొత్త సంఘములు వెలసినవి. నష్టపోయినది పుస్తకము కొరకు వచ్చిన బాలుడును, పన్ను కట్టిన గృహస్థుడును.

కనుక మా అభిప్రాయమిది. తోటివారి పరీక్ష ఉండవలసినదే. కాని లెక్కల తనిఖీకి అది బదులు కాజాలదు. వైద్యుడున్నాడని కాపలావానిని తీసివేయము గదా! పిలిచిననే వత్తుమను నియమముండినచో, రోగము ముదిరినవాడే పిలుపును వాయిదా వేయును. అందుచేత నిర్ణీత కాలమునకు పరీక్ష జరుగవలెను. నివేదికను దాచక ప్రకటింపవలెను. ఏడాది తిరుగకముందే పరీక్షకులు మరల వచ్చి, చెప్పినదానిలో ఏది జరిగినదో, ఏది జరుగలేదో చూడవలెను. ఆ వచ్చినప్పుడు అధికారులనే గాక, నీరు రాని వీధివారిని గూడ అడుగవలెను.

మనకు మరియొక మాట గలదు. భాషాల్పసంఖ్యాకులు నూటికి 15 మందికి తగ్గకుండ ఉన్న ప్రాంతములలో ముఖ్యమైన ప్రకటనలు వారి భాషలోను వెలువడవలెనన్నది 1956 నాటి కేంద్ర ప్రభుత్వ స్మారకపత్రము నాటినుండియు ఒప్పుకొన్న సూత్రము. చదువలేని నివేదిక ప్రకటింపని నివేదికతో సమానము. మన ఊళ్ల సంఘములు ఒకదాని నొకటి పరీక్షించుకొను దినము వచ్చినచో, ఆ నివేదిక రాష్ట్రభాషతో పాటు తెలుగున గూడ మన యింటికి చేరవలెనని అడుగుట మన హక్కు. దానిని చదివి, మన వార్డు సభ్యుని నిలదీసి ప్రశ్నించుట మన విధి. తోటి సంఘము చూపిన తప్పును దిద్దించు బలము చివరకు ఓటరు చేతిలోనిదే.