సూదిపోటుకు ఆ మర్యాద ఎందుకు లేదు?

చిల్లకూరులో ఎవరినైనా వీధికుక్క కరిస్తే ఇంట్లోవాళ్లు తెల్లారేదాకా ఆగరు. పుండును సబ్బుతో కడిగి, బైకో ఆటోనో పట్టుకుని ఆసుపత్రి దారి పడతారు. ఎన్ని సూదులు వేయించుకోవాలో, ఏ రోజు తప్పకూడదో అక్షరం ముక్క రాని అవ్వ కూడా చెబుతుంది. అదే మనిషికి ఆసుపత్రి చెత్తబుట్ట ఎత్తుతుంటే వాడి పారేసిన సూది వేలికి దిగిందనుకోండి. వేలు నోట్లో పెట్టుకుని చప్పరించి మళ్లీ పనిలో పడిపోతారు.

కుక్కకాటుకు ఉన్న మర్యాద సూదిపోటుకు లేదు.

హెపటైటిస్‌ బి ఉన్నవారి రక్తం అంటిన సూది, టీకా పడని మనిషికి గుచ్చుకుంటే జబ్బు సోకే అవకాశం నూటికి 6 నుంచి 30 దాకా ఉంటుంది. హెచ్‌ఐవీకైతే అది వెయ్యికి 3. జనం భయం మాత్రం తలకిందులుగా ఉంది. సూది గుచ్చుకోగానే అందరూ ఎయిడ్స్‌ అని ఉలిక్కిపడతారు గానీ, కాలేయాన్ని తినే వైరస్‌ ఎవరికీ గుర్తుకు రాదు. ఆ వైరస్‌ ఎండిన రక్తపు మరకలో సైతం కనీసం 7 రోజులు బతికి ఉంటుంది. సెలూన్లో మార్చని బ్లేడు, పచ్చబొట్టు సూది, ఇంట్లో నలుగురూ వాడే రేజరు, ఏదైనా దానికి దారే.

రేబిస్‌కూ దీనికీ ఒక పోలిక ఉంది. రెండూ తాపీగా నడిచే వైరస్‌లు. హెపటైటిస్‌ బి ఒంట్లో చేరాక జబ్బు బయటపడటానికి నెల మొదలు ఆరు నెలల దాకా పడుతుంది. ఆ వ్యవధే మనకు దొరికే అదను. వెంటనే టీకా వేస్తే వైరస్‌ కాలేయంలో కాపురం పెట్టేలోపే ఒళ్లు తన సైన్యాన్ని తయారు చేసుకుంటుంది. అంతదాకా ఆగలేని చోట, అప్పటికే తయారైన యాంటీబాడీలను ఇమ్యునోగ్లోబులిన్‌ రూపంలో అరువిస్తారు. రెండూ ఒకేసారి, ఒంటికి రెండు చోట్ల ఇస్తారు. సాధ్యమైనంతవరకు 24 గంటల్లో పడాలి. సూదిపోటు తర్వాత 7 రోజులు దాటితే ఇమ్యునోగ్లోబులిన్‌ వల్ల ఒరిగేది పెద్దగా ఉండదు. టీకా మాత్రం తొలి డోసు పడిన నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది వేయించుకుని పూర్తి చేయాలి. ముందే మూడు డోసులు వేయించుకుని, రక్తపరీక్షలో రక్షణ ఉన్నట్టు తేలినవారికి ఇవేవీ అక్కర్లేదు.

గుచ్చుకున్న చోటును సబ్బుతో, ధారగా పడే నీళ్లతో కడగాలి. పిండకూడదు, చప్పరించకూడదు, బ్లీచింగు పోయకూడదు. ఆ సూది ఎవరికి వాడిందో తెలిస్తే వారి రక్తం కూడా పరీక్షకు పంపాలి. ఇందులో కష్టమేమీ లేదు.

ఒకప్పుడు ఈ టీకా సామాన్యుడికి అందనంత ఖరీదు. ఆ లెక్క మార్చినవాడు నెల్లూరు జిల్లా పాపిరెడ్డిపాళెంలో పుట్టిన వరప్రసాద్‌ రెడ్డి. ఆయన డాక్టరు కాదు, ఎలక్ట్రానిక్స్‌ ఇంజనీరు. 1993లో తల్లి పేరు పెట్టి హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్‌ మొదలుపెట్టారు. 1997 ఆగస్టులో దేశంలో తయారైన తొలి రీకాంబినెంట్‌ హెపటైటిస్‌ బి టీకా షాన్‌వాక్‌-బి బయటికొచ్చింది. పోటీ పెరిగి ధర ఎన్నో రెట్లు దిగింది. 2011 నాటికి ఈ టీకా దేశమంతటా పిల్లల టీకాల జాబితాలో చేరింది. మన పక్కవాడు సాధించిన ఈ పనికి నెల్లూరు సీమలో దక్కాల్సినంత ప్రచారం దక్కలేదని ఈ శీర్షిక అభిప్రాయం.

అన్నిటికన్నా వేగం కావాల్సింది పురిటి గదిలో. తల్లికి హెపటైటిస్‌ బి ఉంటే కాన్పు సమయంలోనే బిడ్డకు అంటుకోవచ్చు. పెద్దవాళ్లలో నూటికి 95 మంది ఆ వైరస్‌ను వదిలించుకుంటారు. అప్పుడే పుట్టిన బిడ్డకు సోకితే పదింట తొమ్మిది సార్లు జీవితాంతం ఉండిపోతుంది. కాలేయం గట్టిపడటం, క్యాన్సరు నలభై, యాభై ఏళ్ల తర్వాత వచ్చే కబుర్లు. అందుకే మొదటి డోసు 24 గంటల్లో, తల్లికి ఉందని తెలిస్తే ఇమ్యునోగ్లోబులిన్‌ 12 గంటల్లో పడాలి. ఆదివారం పుట్టిన బిడ్డను టీకాల బుధవారం దాకా ఆపడం క్షమించరానిది.

హెపటైటిస్‌ సి సంగతి వేరు. దానికి టీకా లేదు, ఇమ్యునోగ్లోబులిన్‌ లేదు. సూది గుచ్చుకుంటే పరీక్షలు చేయించుకుంటూ కనిపెట్టుకుని ఉండటమే. సోకినా పన్నెండు వారాల మాత్రలతో నూటికి 95 మందికి పైగా నయమవుతుంది. కలుషిత నీటితో, ఆహారంతో వచ్చే హెపటైటిస్‌ ఎ రోగితో ఒకే ఇంట్లో ఉన్నవారికి రెండు వారాల్లోపు టీకా వేస్తే చాలావరకు తప్పించుకోవచ్చు.

ఇక పసరు మాట. పసిరికలు అనగానే నేల ఉసిరి గుర్తొచ్చే ప్రాంతం ఇది. 1988లో మద్రాసు పరిశోధకులు హెపటైటిస్‌ బి మీద నేల ఉసిరి పనిచేసిందని లాన్సెట్‌ పత్రికలో రాశారు కూడా. తర్వాత మరికొందరు ప్రయత్నిస్తే ఆ ఫలితం రాలేదు. కామెర్లలో ఎక్కువ భాగం వాటంతట అవే తగ్గుతాయి, ఆ ఘనత చివరిసారి తాగిన పసరుకు పోతుంది. తాగేవారితో తగువు లేదు. సూది గుచ్చుకున్నవాడు టీకాకు పోకుండా పసరు కోసం పోతేనే తగువు.

అతి తెలివి చూపే క్లినిక్కులతోనూ తగువే. 2009లో గుజరాత్‌లోని మోడాసాలో వాడిన సిరంజీలే మళ్లీ వాడటంతో హెపటైటిస్‌ బి చెలరేగి పదుల మంది చనిపోయారు. జ్వరానికి వెళ్లినవాళ్లు శవాలయ్యారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2022 నాటికి మన దేశంలో హెపటైటిస్‌ బి ఉన్నవారు 2.98 కోట్లు. వీరిలో ఎక్కువమందికి తమకది ఉన్నట్టే తెలియదు.

2018 జులై 28న కేంద్రం జాతీయ వైరల్‌ హెపటైటిస్‌ నియంత్రణ కార్యక్రమం ప్రారంభించింది. పరీక్షలు, మందులు ఉచితం. ఆసుపత్రి సిబ్బందికి టీకా అందులో భాగమే. ఆసుపత్రుల్లో ఊడ్చేవాళ్లు, చెత్త మోసేవాళ్లు, దుప్పట్లు ఉతికేవాళ్లు సిబ్బంది కాదా? నర్సమ్మలకు మూడు డోసులు వేసి కాంట్రాక్టు మనిషిని వదిలేసే పద్ధతిని ఈ వారమే మార్చండి. మూడో డోసు ఎప్పుడు పడిందో గుర్తులేని ప్రతి ఒక్కరూ డ్యూటీ డాక్టరును అడిగి రక్తంలో రక్షణ ఎంతుందో చూపించుకోండి.