బండి మొరాయిస్తే

బండి లాగనని ఎద్దు కాళ్ళు బిగబట్టి నిలబడితే, తెలుగులో ‘ఎద్దు మొరాయించింది’ అంటాం. ఇప్పుడు ఎద్దుల చోట కార్లు వచ్చాయి. మాట మాత్రం అలాగే ఉంది. తాళం తిప్పినా కారు కదలకపోతే ‘బండి మొరాయించింది’ అనే అంటాం. ఈ నెల మన మాట ఇదే. దీన్ని కువైట్‌లో జరిగిన ఒక సంగతితో చెబుతాను.

మీ పెద్దలు మారిషస్‌కో, నాటాల్‌కో, ఫిజీకో ఓడలో వెళ్ళారు. ఈ కాలంలో రాయచోటి, రాజంపేట వైపు నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ ఎందరో విమానం ఎక్కి కువైట్ వస్తున్నారు. కొందరు ఇళ్ళల్లో డ్రైవర్లుగా పనిచేస్తారు. ఇంటి యజమానిని ‘బాబా’ అనీ, యజమానురాలిని ‘మామా’ అనీ పిలుస్తారు. ఈ ‘మామా’కూ మన మేనమామకూ సంబంధం లేదు. పొరబడకండి!

రాయచోటి వైపు కుర్రాడొకడు నన్ను ‘అన్నా’ అని పిలుస్తాడు. ఒక ఆగస్టు ఉదయం ఫోన్ చేశాడు. బాబా ఇంట్లో పాతికేళ్ళ నాటి పెద్ద కారు మొరాయించింది. ‘రాత్రి లైట్లు వేసి వదిలేశావు, బ్యాటరీ చచ్చింది, కొత్తదాని ఖర్చు జీతంలో పట్టుకుంటాను’ అన్నాడట బాబా.

‘నేను లైట్లు ఆపినా అన్నా, అమ్మతోడు’ అన్నాడు కుర్రాడు. కడప వైపు ‘ఆపాను’ అనరు, ‘ఆపినా’ అంటారు. ‘అమ్మతోడు’ అంటే అమ్మ మీద ఒట్టు.

‘జీతంలో పట్టుకోవడం’ అనే మాట గుర్తుంచుకోండి. జీతం ఇచ్చేటప్పుడు కొంత డబ్బు కోసేయడం అని అర్థం. మీ పెద్దలకు ఇది కొత్త కాదు. మారిషస్ చెరకు తోటల్లో ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు.

నేను మీటరు పట్టుకుని వెళ్ళాను. వోల్టులు కొలిచే చిన్న మీటరు అది. ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది. పాత కారు మొరాయించినప్పుడు మీరు కూడా ఇదే వరసలో వెళ్ళండి: వినండి, చూడండి, కొలవండి. ముందు గేరు న్యూట్రల్‌లో, ఆటోమేటిక్ అయితే ‘పి’లో పెట్టి హ్యాండ్‌బ్రేకు వేయండి.

మొదట వినండి. తాళం తిప్పగానే ‘టకటకటక’ అని వరసగా చప్పుడు వస్తే బ్యాటరీ డౌన్ అయి ఉండవచ్చు, లేదా దాని టెర్మినళ్ళు వదులై ఉండవచ్చు. ఒక్కసారి గట్టిగా ‘టక్’ అని ఆగిపోతే సెల్ఫ్‌కు కరెంటు చాలడం లేదు, లేదా సెల్ఫే పాడైంది. ఏ చప్పుడూ లేకపోతే ఫ్యూజు, రిలే, తాళం స్విచ్ చూడాలి. ఇంజిన్ గిరగిరా తిరిగి కూడా అంటుకోకపోతే బ్యాటరీని తిట్టకండి. స్పార్క్, పెట్రోలు సంగతి చూడండి.

‘సెల్ఫ్’ అంటే ఇంజిన్‌ను మొదట తిప్పే మోటారు. పూర్వం ఇనుప కడ్డీ పెట్టి చేత్తో తిప్పేవారు. 1912లో కాడిలాక్ కార్లకు చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన ఎలక్ట్రిక్ సెల్ఫ్ వచ్చింది. మన మెకానిక్కులు సెల్ఫ్ అన్నట్టే, కువైట్ గ్యారేజీల్లో అరబ్బీ మాట్లాడేవాళ్ళూ సెల్ఫ్ అనే అంటారు.

మా కుర్రాడి కారు ఒక్కసారి ‘టక్’ అంది.

తర్వాత చూడండి. హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పమనండి. లైట్లు బాగా మందగిస్తే బ్యాటరీ మీద అనుమానం. లైట్లు అలాగే వెలుగుతూ ఉంటే బ్యాటరీలో బలముంది, ఆ బలం సెల్ఫ్‌కు చేరడం లేదు. ఈ కారు లైట్లు మందగించలేదు.

ఇక కొలవండి. ఇంజిన్ ఆపి కొన్ని గంటలైన బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12 కంటే తగ్గితే దాదాపు ఖాళీ. కువైట్ లాంటి చోట బ్యాటరీలు త్వరగా పోయే మాట నిజమే. 2016 జూలై 21న ఇక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీల ఎండ నమోదైంది. వేడికి బ్యాటరీ లోపలి పలకలు త్వరగా చెడతాయి. అందుకే అందరూ ముందు బ్యాటరీనే అంటారు. కానీ ఈ బ్యాటరీ 12.6 చూపించింది. రాత్రంతా లైట్లు వెలిగి ఉంటే అంత ఉండదు.

మరి లోపం ఎక్కడ? కరెంటు బ్యాటరీ నుంచి వెళ్ళి పనిచేసి, మళ్ళీ బ్యాటరీకి తిరిగి రావాలి. తిరిగి వచ్చే దారిని మెకానిక్కులు ‘ఎర్త్’ అంటారు. మీటరు ఒక తీగను బ్యాటరీ మైనస్‌కు, రెండోదాన్ని ఇంజిన్ ఇనుముకు ఆనించాను. తీగలూ చేతులూ ఫ్యానుకు దూరంగా ఉంచి, తాళం తిప్పమన్నాను. ఎర్త్ బాగుంటే మీటరు అర వోల్టు కూడా చూపించకూడదు. ఇక్కడ 8 చూపించింది! సెల్ఫ్‌కు చేరాల్సిన బలమంతా దారిలోనే పోతోంది.

ఇంజిన్ దగ్గర ఎర్త్ తీగ బోల్టు వదులైంది. కింద తుప్పు, పైన ఎడారి దుమ్ము. ముందు బ్యాటరీ మైనస్ తీగ విప్పాను. బోల్టు విప్పి, గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించాను. మైనస్ మళ్ళీ పెట్టి తాళం తిప్పితే, ఒక్క దెబ్బకు బండి అంటుకుంది. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద 14.1 వోల్టులు ఉన్నాయి. సుమారు 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే బ్యాటరీ బాగానే ఛార్జ్ అవుతున్నట్టు.

బాబాను పిలిచి, అంకెలన్నీ ఒక కాగితం మీద రాసి చూపించాను. ఆయన కాగితం చూశాడు, తుప్పు పట్టిన బోల్టు చూశాడు. క్షమించమని అడగలేదు. ‘ఖలాస్’ అన్నాడు. ఇక వదిలెయ్ అని. ఆ నెల జీతం మాత్రం నిండుగా వచ్చింది.

‘నింద’ అంటే చేయని తప్పు మన మీద వేయడం. ‘నింద పడింది’, ‘నింద మోశాడు’ అంటాం. లైట్లు ఆపానని కుర్రాడు ఎన్ని ఒట్లు వేసినా ఆ నింద దిగలేదు. అంకెలు చూపిస్తే దిగింది.

‘నిజం నిలకడ మీద తెలుస్తుంది’ అని మన సామెత. కాస్త ఓపిక పడితే నిజం దానంతట అదే బయటపడుతుందని అర్థం. మీటరు చేతిలో ఉంటే పావుగంట ఓపిక చాలు.

ఈ నెల మీ పని: ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి, మీ బండి ఎప్పుడు, ఎక్కడ మొరాయించిందని. వాళ్ళు చెప్పింది నాలుగు వాక్యాల్లో తెలుగులో రాయండి. వచ్చే నెల కలుద్దాం.