బ్యాటరీని మార్చుటకు ముందు

పలమనేరు నుండి గుడియాత్తం మీదుగాను, చిత్తూరు నుండి కాట్పాడి మీదుగాను రాయవేలూరి క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రికి రోగులను గొనివచ్చు తెలుగువారి కార్లకు లెక్కలేదు. డాక్టరు చూచి చీటీ వ్రాసి పంపుసరికి ప్రొద్దు వాలును. పగలెల్ల ఎండలో నిలిచిన బండి తాళము త్రిప్పినంతనే టక్కుమని మిన్నకుండును. గుమిగూడినవారిలో సెల్ఫ్ పోయినదని యొకరును, బ్యాటరీ ఆయువు తీరినదని వేరొకరును తీర్పు చెప్పగా, రోగిని వెనుక సీటులో పరుండబెట్టిన గృహస్థుడు గత్యంతరము లేక క్రొత్త బ్యాటరీకి వేలకొలది రూపాయలు చెల్లించును. ఈ తొందరపాటు తీర్పును నేనంగీకరింపజాలను. బ్యాటరీ కొమ్మునకును తీగె క్లాంపునకును గల పొత్తును పరీక్షింపక బ్యాటరీని మార్చుట అన్యాయము.

హెడ్‌లైట్లు వెలుగుచున్నవి గనుక పొత్తు సరిగానే యున్నదని తలచుటయే ఈ భ్రాంతికి మూలము. రెండు దీపములకు కావలసినది సుమారు 10 ఆంపియర్లు. ఇంజనును త్రిప్పు సెల్ఫ్ మోటారునకో 150 ఆంపియర్లు సైతము కావలసివచ్చును. గంధకామ్లపు ఆవిరి సోకి తెల్లగను పచ్చగను పేరుకొన్న పొడి ఓములో నూరింట మూడు వంతుల నిరోధము కల్పించినను, దీపములకు పోవు నష్టము 0.3 వోల్టులే గనుక కంటికి కానరాదు. సెల్ఫునకు మాత్రము 4.5 వోల్టులు త్రోవలోనే హరించిపోవును. 12.6 వోల్టుల నిండు బ్యాటరీ యుండియు బండి కదలకుండుటకు కారణమిదియే.

పరీక్ష సులభము. మల్టీమీటరు ఒక మొనను సీసపు కొమ్ముపైనను, రెండవదానిని క్లాంపుపైనను ఉంచి మరియొకరిచేత తాళము త్రిప్పింపగా, అర వోల్టు కనబడెనేని దోషమచ్చటనే కలదు. మీటరు లేనిచో, రెండు మూడుమారులు తాళము త్రిప్పిన పిదప క్లాంపును తాకిచూచినను వెచ్చదనము దొంగను పట్టియిచ్చును. అంతట నెగటివ్ తీగెను ముందుగా విప్పి (పాజిటివ్‌ను ముందు విప్పునపుడు స్పానరు బండి రేకునకు తగిలెనా, నిప్పు లెగయును), వంటసోడా కలిపిన నీటితో కడిగి, సీసము మెరయునట్లు వైరుబ్రష్షుతో రుద్ది, తడి తుడిచి, పాజిటివ్‌ను ముందును నెగటివ్‌ను తుదిని బిగించి, పైన వాసెలైన్ పూయవలయును. ఎర్త్ తీగె బండి రేకును కలియు చోటును మరువరాదు.

డబ్బు మాట యటుండనిండు. పారవేసిన ప్రతి బ్యాటరీలోను సీసమును ఆమ్లమును గలవు. తోళ్ల కర్మాగారముల మురికిచే పాలారు నది చెడినందులకు, కలుషితము చేసినవారే మూల్యము చెల్లింపవలెనని 1996లో సుప్రీంకోర్టు వేలూరు పౌరుల వ్యాజ్యమున తీర్పు చెప్పినది. అట్టి నేలపై, పనికివచ్చు బ్యాటరీని అకాలముగా చెత్తపాలు చేయుట క్షమార్హము గాదు. కావున బ్యాటరీ దుకాణములవారు బిల్లు వ్రాయుటకు ముందు కొనువాని కన్నులయెదుట రెండు కొమ్ములకును మీటరు పెట్టి చూపవలయును. డ్రైవింగు నేర్పు బడులు స్టీరింగు పట్టించిన దినముననే బానెట్టును ఎత్తించవలయును.